రాజు పోయిన చోట శాసనం: రాజ్యాంగాన్ని కట్టినవారూ, కాపాడవలసినవారూ



ఏటా సెప్టెంబరు 17 రాగానే మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఒక వాదం మొదలౌతుంది. కొందరు దానిని విమోచన దినమంటారు. కొందరు విలీన దినమంటారు. మరికొందరు సమైక్యతా దినమంటారు. 1948లో ఆ రోజున నిజాం ప్రభుత్వం భారత సైన్యానికి లొంగిపోయింది. పేరు ఏది పెట్టినా ఒక పాలన ముగిసిందన్నది నిజం. అయితే చెడ్డ పాలన పోయినంత మాత్రాన మంచి పాలన వచ్చినట్లేనా? పాత గోడ కూలిన చోట కొత్త ఇల్లు దానంతటదే లేస్తుందా?

ఇదే సెప్టెంబరు 17వ తేదీన, సరిగ్గా 161 ఏళ్ల ముందు, 1787లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 39 మంది ఒక పత్రం మీద సంతకాలు చేశారు. అదే అమెరికా రాజ్యాంగం. ఈ రెండు తేదీలు కలవడం కాకతాళీయమే. అందులో మర్మాలు వెదకవలసిన పని లేదు. కాని ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది. రాజు దిగిపోవడం ఒక్క రోజు పని. ఆ గద్దె మీద శాసనాన్ని కూర్చోబెట్టడం తరతరాల పని. ఆ పని ఎవరు మొదలుపెట్టారు, ఎంతవరకు వచ్చింది, మన వంతు ఏమిటి అన్నది ఈ వారం ఆలోచించుదాం.

1. శాసనం అంటే ఏమిటి?

13వ శతాబ్దపు మహాతత్త్వవేత్త పునీత తోమా అక్వినాసు గారు నిజమైన శాసనానికి నాలుగు గుర్తులు చెప్పారు. మొదటిది, అది బుద్ధికి, న్యాయానికి ఒప్పినదై ఉండాలి. రెండవది, ఒక్కరి లాభానికి కాక అందరి మేలు కోసం ఉండాలి. మూడవది, సమాజ క్షేమం ఎవరి బాధ్యతో వారి నుండి రావాలి. సమాజ క్షేమం మొదట ఆ సమాజానిదే, లేదా దాని పక్షాన నిలిచినవారిది అని కూడా ఆయన వివరించారు. నాల్గవది, ప్రజలందరికీ తెలిసేలా ప్రకటింపబడాలి. అన్యాయమైన శాసనం పేరుకు శాసనమే గాని స్వభావంలో బలాత్కారమని ఆయన అభిప్రాయం.

ఈ నాలుగు గుర్తులనూ మన తాతల కాలం మీద పెట్టి చూడండి. హైదరాబాదు సంస్థానంలో ఫర్మానా అంటే నిజాం నోటి మాట. ఆ మాట ఊరికి చేరేసరికి జాగీర్దారు మాట, దేశ్‌ముఖ్ మాట, పటేలు పట్వారీల మాట అయ్యేది. అధికారి ఊరిలోకి వస్తే సామాను మోయడానికి, గడిలో నీళ్లు పోయడానికి, కట్టెలు కొట్టడానికి, చెప్పులు కుట్టివ్వడానికి, కుండలివ్వడానికి కులానికొక వెట్టి ఉండేది. కూలి లేదు, కాదనే హక్కు లేదు. అప్పు తీసుకున్నవాడు ఆ అప్పు కింద ఏళ్ల తరబడి దొర దగ్గర చాకిరి చేసేవాడు. తండ్రి చనిపోతే ఆ అప్పు కొడుకు మీద పడేది. ఈ అప్పు చాకిరిని 'భాగేలా' అనేవారు. దానిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే ఒక నిబంధన చేసింది. కాని ఆ నిబంధన సంగతి చాకిరి చేసేవాడికి చెప్పేదెవరు? చెప్పినా అమలు చేయవలసినది ఆ దొర మాట వినే అధికారే. చూశారా! మంచి మాట కాగితం మీద ఉంటే చాలదు. దానిని అడిగి సాధించుకొనే దారి బీదవానికి ఉండాలి. రాజ్యాంగం అవసరం ఇక్కడే మొదలౌతుంది.

2. మన చెరువు చెప్పే పాఠం

అధికారం నీళ్లలాంటిది. లేకపోతే బ్రతకలేము. అదుపు తప్పితే ఊరినే ముంచుతుంది. అందుకే మన పెద్దలు చెరువు కట్టినప్పుడు మూడు ఏర్పాట్లు చేశారు. నీటిని నిలిపేందుకు కట్ట, లెక్క ప్రకారం వదిలేందుకు తూము, ఎక్కువైనది పొర్లి పోయేందుకు మత్తడి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా అది చెరువు కాదు. ఆ తరువాత తూము దగ్గర నీరటికాడు ఒకడు ఉంటాడు. పై మడి పెద్దరైతుదైనా, చివరి మడి బీదవానిదైనా వంతు తప్పకుండా నీళ్లు పారించడం అతని పని.

1748లో ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ ప్రభుత్వాన్ని గురించి చెప్పినది దాదాపు ఇదే. శాసనాలు చేసే చేయి, అమలు జరిపే చేయి, తీర్పు చెప్పే చేయి ఒక్కరివే అయితే ప్రజలకు స్వేచ్ఛ ఉండదని ఆయన వాదం. మన ఊరి దొర విషయంలో ఇది అక్షరాలా నిజం. పన్ను వేసేది ఆయనే, వసూలు చేసేది ఆయనే, తగవు తీర్చేది ఆయనే. మరి ఆయన మీద తగవు ఉంటే ఎవరితో చెప్పుకోవాలి?

3. ఫిలడెల్ఫియాలో ఏమి జరిగింది?

అమెరికాలోని 13 వలస రాష్ట్రాలు 1776లో ఇంగ్లండు రాజును కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1781 నుండి ఒక వదులు ఒడంబడిక కింద కలిసి ఉన్నాయి. కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు. యుద్ధంలో చేసిన అప్పులు తీరలేదు. మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు తిరగబడ్డారు. రాజును వదిలించుకోవడం ఎంత కష్టమో, తమను తాము పాలించుకోవడం అంతకంటే కష్టమని అప్పుడు వారికి తెలిసివచ్చింది.

1787 మే 25 నుండి సెప్టెంబరు 17 వరకు ఫిలడెల్ఫియాలో సభ జరిగింది. 12 రాష్ట్రాల నుండి 55 మంది వచ్చారు. రోడ్ ఐలండు అనే చిన్న రాష్ట్రం ఎవరినీ పంపలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పని ఉంది. జార్జి వాషింగ్టన్ అధ్యక్షత వహించారు. 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందరిలో పెద్దవాడు. జేమ్స్ మాడిసన్ రోజూ జరిగిన చర్చను రాసిపెట్టారు. తలుపులు మూసుకొని చర్చించారు. పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి స్థానాలు కావాలన్నాయి, చిన్నవి సమానంగా కావాలన్నాయి. చివరకు ఒక సభలో జనాభాను బట్టి, రెండవ సభలో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున అని రాజీపడ్డారు.

సంతకం చేసిన 39 మందిలో ఇద్దరు కతోలికులు: మేరీలాండుకు చెందిన డేనియల్ కారల్, పెన్సిల్వేనియాకు చెందిన థామస్ ఫిట్జ్‌సైమన్స్. డేనియల్ కారల్ సోదరుడు జాన్ కారల్ గారే 1789లో అమెరికాకు మొదటి పీఠాధిపతిగా నియమితులయ్యారు. అంతకు ముందు ఆ వలస రాష్ట్రాల్లో కతోలికులు ప్రభుత్వ పదవులకు పనికిరారని శాసనాలు ఉండేవి. కొత్త రాజ్యాంగం కేంద్ర పదవులకు మతపరీక్ష పెట్టకూడదని చెప్పింది. 1791లో చేర్చిన మొదటి సవరణ ప్రకారం ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పరాదు, ఏ మతాచరణనూ అడ్డగించరాదు. నిన్నటి వరకు తలుపు బయట నిలబడినవారు లోపలికి రాగలిగారు.

కాని అదే పత్రంలో పెద్ద మచ్చ ఒకటి ఉంది. అక్కడ లక్షల మంది నల్లవారు బానిసలుగా ఉన్నారు. స్వేచ్ఛను గురించి మాట్లాడిన పెద్దల్లో అనేకులు బానిసల యజమానులే. 'బానిస' అనే మాట వాడకుండానే, రాష్ట్రాల స్థానాలు లెక్కించేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కపెట్టాలని రాసుకున్నారు. 1808 వరకు బానిసల దిగుమతిని కేంద్రం నిషేధించరాదని కూడా రాసుకున్నారు. రాజీ కోసం చేసిన ఈ అన్యాయానికి ఆ దేశం అంతర్యుద్ధంలో రక్తంతో వెల చెల్లించింది. 1865లో 13వ సవరణ వచ్చిన తరువాత గాని బానిసత్వం శాసనరీత్యా పోలేదు. ఆడవారికి ఓటు హక్కు దేశమంతటా రాజ్యాంగబద్ధం కావడానికి 1920 వరకు ఆగవలసి వచ్చింది.

వ్యవస్థాపకులు దేవతలు కారు. వారిని పూజించనవసరం లేదు, తూలనాడనవసరం లేదు. వారు వేసిన పునాది ఎక్కడ గట్టిదో, ఎక్కడ బీటలు వారిందో తెలుసుకుంటే చాలు.

4. ఢిల్లీ సభలో మన ఖాళీ కుర్చీలు

మన రాజ్యాంగ పరిషత్తు 1946 డిసెంబరు 9న ఢిల్లీలో మొదటిసారి సమావేశమైంది. దేశ విభజన తరువాత సభ్యుల సంఖ్య 299. డాక్టర్ రాజేంద్రప్రసాద్ అధ్యక్షులు. 1947 ఆగస్టు 29న ముసాయిదా సంఘం ఏర్పడింది, డాక్టర్ అంబేద్కర్ దానికి అధ్యక్షులు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయనకు అక్కడి పద్ధతుల మేలూ కీడూ రెండూ తెలుసు. ఆ సంఘంలోని ఏడుగురిలో ఒకరు తెలుగువారు, నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మద్రాసు రాష్ట్రం నుండి వెళ్లిన తెలుగు సభ్యుల్లో టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, నీలం సంజీవరెడ్డి, దుర్గాబాయి గారలు ఉన్నారు. సభలోని కొద్దిమంది మహిళల్లో దుర్గాబాయి గారు ఒకరు.

రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారు 1947 చివరలో అమెరికా, కెనడా, ఐర్లండు, ఇంగ్లండు దేశాలు తిరిగి అక్కడి న్యాయకోవిదులను కలిశారు. అమెరికా నుండి మనవారు తీసుకున్నవి ముఖ్యమైనవే: కోర్టు ద్వారా సాధించుకోగల ప్రాథమిక హక్కులు, రాజ్యాంగ విరుద్ధమైన శాసనాన్ని కొట్టివేసే న్యాయస్థానం, ప్రజల పేరుతోనే మొదలయ్యే ప్రవేశిక. తీసుకోనివి కూడా ఉన్నాయి. అక్కడివలె అమలు అధికారం చేతిలో ఉన్న రాష్ట్రపతిని కాక ఇంగ్లండు పద్ధతిలో శాసనసభకు జవాబు చెప్పే మంత్రివర్గాన్ని ఎంచుకున్నారు. ఆదేశిక సూత్రాల ఆలోచన ఐర్లండు నుండి వచ్చింది. ఇది కాపీ కొట్టడం కాదు. పొరుగు పొలంలో బాగా పండిన విత్తనం తెచ్చి మన నేలకు తగినట్లు వేసుకోవడం.

1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సభలో నల్లగొండ నుండి ఎవరున్నారు? మహబూబ్‌నగర్ నుండి ఎవరున్నారు? ఎవరూ లేరు! సంస్థానాలకు స్థానాలు కేటాయించారు గాని హైదరాబాదు నుండి ప్రతినిధులు వెళ్లలేదు. మొదట నిజాం వేరుగా ఉండాలనుకున్నాడు. పోలీసు చర్య తరువాత సైనిక గవర్నరు పాలన వచ్చింది. 1949 నవంబరులో నిజాం ఒక ఫర్మానా ద్వారా ఢిల్లీలో తయారైన రాజ్యాంగాన్ని అంగీకరించాడు. ఎంత విచిత్రం! ప్రజల రాజ్యాంగం మన గడపకు రాజు ఫర్మానా మీద ఎక్కి వచ్చింది.

రోడ్ ఐలండును గుర్తు చేసుకోండి. అది కూడా సభకు వెళ్లలేదు. కాని 1790లో తన ప్రతినిధులను కూర్చోబెట్టి, చర్చించి, ఓటు వేసి ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకుంది. మనకు ఆ అవకాశం రాలేదు. మరి పునీత తోమా గారి మూడవ గుర్తు సంగతేమిటి? సమాజం పక్షాన నిలిచినవారు చేసిన శాసనమేనా ఇది? మన తాతలు ఒప్పుకోని శాసనం మన శాసనం ఎలా అయింది?

5. మన నేల మీద పుట్టిన వ్యవస్థాపకులు

సమాధానం రెండు భాగాలు. మొదటిది, రాజ్యాంగం కోరిన విషయాలను మన జిల్లాల ప్రజలు దానికంటే ముందే కోరుకున్నారు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో మన దేవరకొండలోనే జరిగింది. తరువాత 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో జరిగాయి. మాతృభాషలో చదువు, ఊరికో గ్రంథాలయం అని మొదలైన కోరికలు వెట్టి పోవాలి, దున్నేవానికి భూమి కావాలి అనే వరకు వచ్చాయి. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించి, ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో తెలుగులో ప్రజల బాధలు రాశారు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. తరువాతి ఐదేళ్లు ఈ నేల మీద ఎంత రక్తం కారిందో మీ ఇళ్లలోని పెద్దల మాటల్లో వినే ఉంటారు. ఆ పోరాటంలో రెండు వైపుల నుండీ హింస జరిగింది. హింసను మనం సమర్థించలేము. అయితే వెట్టి పోవాలన్న కోరిక న్యాయమైనదని చెప్పడానికి సందేహించనవసరం లేదు.

రెండవ భాగం 1952. సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. కొద్ది నెలల్లోనే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆడ మగ తేడా లేకుండా, చదువు ఆస్తి అడగకుండా ఓటు. సామాన్యుని మీద నమ్మకం ఉంచే ఈ పని చేశామని అల్లాడి వారు రాజ్యాంగ పరిషత్తులో చెప్పారు. నిన్నటి వరకు గడి ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచినవాడు, దొర ఓటుకు ఎంత విలువ ఉందో అంతే విలువ గల చీటీ పెట్టెలో వేశాడు.

ఫలితం ఏమైంది? భువనగిరి తాలూకా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు నిన్నటి వరకు అజ్ఞాతంలో తిరిగిన నాయకుడు. ఆయన నల్లగొండ నుండి 3 లక్షలకు పైగా ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. నల్లగొండ ఇద్దరు సభ్యులను ఎన్నుకొనే స్థానం కావడం కూడా అందుకు తోడ్పడింది గాని, నెహ్రూ గారికి వచ్చిన ఓట్ల కంటే అవి ఎక్కువ. అదే ఎన్నికల్లో మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు గారు షాద్‌నగర్ నుండి గెలిచి, 1952 మార్చిలో హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఒకరు ప్రతిపక్షం, ఒకరు ప్రభుత్వ పక్షం. ఇద్దరూ ఒకే రాజ్యాంగం మీద ప్రమాణం చేశారు. మన జిల్లాలు ఆ రాజ్యాంగానికి వేసిన సంతకం అదే. ఢిల్లీ సభలో మన కుర్చీలు ఖాళీగా ఉన్నా, పోలింగు బూతుల ముందు మన వరుసలు ఖాళీగా లేవు.

6. ఆ సభలో క్రైస్తవులు

మన పిల్లలు తెలుసుకోవలసిన పేర్లు మరి రెండు. యేసుసభకు చెందిన గురువు, మద్రాసు లొయోలా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఫాదర్ జెరోమ్ డిసౌజా గారు రాజ్యాంగ పరిషత్తులో సభ్యులు. బెంగాలుకు చెందిన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీ గారు పరిషత్తు ఉపాధ్యక్షులు, అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షులు. మతాన్ని ఆచరించడం, అవలంబించడంతో పాటు ప్రచారం చేసుకొనే స్వేచ్ఛ కూడా 25వ అధికరణంలో ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో గట్టి చర్చ జరిగింది. కొందరు ఆ మాట తీసివేయాలన్నారు. క్రైస్తవులు కాని సభ్యులు అనేకులు, వారిలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి గారలు, ఆ మాట ఉండాలని నిలబడ్డారు. మన హక్కు మన పొరుగువారు నిలబెట్టిన హక్కు అన్నది మరువరాదు.

1949లో మరొక నిర్ణయం జరిగింది. మతాన్ని బట్టి శాసనసభల్లో స్థానాలు కేటాయించే పద్ధతిని వదులుకోవడానికి ముఖర్జీ గారు, ఫాదర్ డిసౌజా గారు మద్దతు ఇచ్చారు. వేరు గోడలు కట్టుకొని బ్రతకడం కంటే అందరితో కలిసి పౌరులుగా నిలవడమే మేలని వారి ఆలోచన.

ఈ చరిత్రలో నీడలు కూడా ఉన్నాయి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా, 1 శాతం రిజర్వేషన్‌తో చేర్చారు. 1977లో ఒక కతోలిక గురువు వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రచార స్వేచ్ఛ అంటే ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని తీర్పు చెప్పింది. ఇవి మనకు కష్టంగా ఉండవచ్చు. కాని తీర్పు నచ్చనప్పుడు మళ్లీ కోర్టుకు వెళ్లే దారి, శాసనం నచ్చనప్పుడు ఓటుతో మార్చుకొనే దారి మనకుంది. ఫర్మానా కాలంలో ఆ దారి లేదు.

7. మిగిలిపోయిన పని

అమెరికా పెద్దలు బానిసత్వాన్ని రాజ్యాంగంలో దాచిపెట్టారని చెప్పుకున్నాం. మన పెద్దలు అలా చేయలేదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. మొదటి రోజునే, పేరు పెట్టి మరీ. ఆ మేరకు మన పునాది గట్టిది. కాని రాజకీయాల్లో అందరికీ ఒకే ఓటు, ఒకే విలువ అని చెప్పి, జీవితంలో మాత్రం అసమానతను అలాగే ఉంచుకుంటే ఆ భవనం నిలవదని 1949 నవంబరు 25న డాక్టర్ అంబేద్కర్ హెచ్చరించారు.

ఆ హెచ్చరిక మన ఇంటి ముందే ఉంది. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్వారు. గుంపు మేస్త్రి చేతిలో అడ్వాన్సు తీసుకొని, ఆ అప్పు తీరేవరకు ఊరు చూడలేని కుటుంబాలు ఎన్నో ఉండేవి. 1976లో వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అటువంటి చాకిరికి కట్టివేసిన అప్పు చెల్లదు, తిరిగి కట్టవలసిన పని లేదు. కలెక్టరు గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని విచారించి విడుదల పత్రం ఇవ్వవచ్చు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. ఆకలి కూడా ఒక బలవంతమే, కనుక కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరే అని చెప్పింది.

ఇక్కడ వేలు ఇతరుల వైపు చూపి ఊరుకోకూడదు. మన విశ్వాసుల ఇళ్లలో కూడా జీతగాళ్లను పెట్టుకున్నవారున్నారు. ఏడాది జీతం ముందే ఇచ్చి, మధ్యలో జ్వరమొస్తే రోజులు లెక్కగట్టి మరుసటి ఏటికి వేసేవారున్నారా? బడికి పోవలసిన పిల్లవాణ్ణి పశువుల వెంట పంపేవారున్నారా? ఆదివారం ఒకే పీఠం ముందు మోకరించి, సోమవారం ఒకే గ్లాసులో నీళ్లు తాగని వారున్నారా? బొందలగడ్డలో కూడా మీ వైపు, మా వైపు అని గీత గీసిన ఊళ్లున్నాయా? ఉంటే, అక్కడ దేవుని ఆజ్ఞ మాత్రమే కాదు, దేశ శాసనం కూడా మీరబడుతున్నది. మన హక్కుల కోసం 25వ అధికరణాన్ని చూపించే చేతితోనే 17వ అధికరణాన్ని మూసివేయడం తగునా?

ఇల్లు కట్టినవారు చనిపోతారు. కాపురమున్నవారు ఏటా గోడకు అలుకు, కప్పుకు గడ్డి వేయకపోతే ఎంత మంచి ఇల్లైనా కూలుతుంది. ఫిలడెల్ఫియా వారు వదిలేసిన పని వారి మనుమలు చేశారు. ఢిల్లీ వారు రాసిపెట్టిన పనిలో మన వంతు ఇంకా ఉంది. 2015 నుండి నవంబరు 26ను రాజ్యాంగ దినంగా పాటిస్తున్నారు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని, చదువు వచ్చిన పిల్లల చేత ప్రవేశికను, 17, 23, 25 అధికరణాలను తెలుగులో చదివించండి. చదువు రాని అవ్వకు అర్థమయ్యేలా చెప్పమనండి. అవ్వకు అర్థమైతేనే పునీత తోమా గారి నాల్గవ గుర్తు నెరవేరినట్లు.

కుటుంబంలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మీ తాతల కాలంలో మీ ఊరిలో ఏ ఏ వెట్టి పనులు ఉండేవి? ఇంట్లో పెద్దలను అడిగి రాసిపెట్టండి. వాటిలో ఏదైనా వేరే పేరుతో ఇప్పటికీ ఉందా?

2. కట్ట, తూము, మత్తడి, నీరటికాడు. ప్రభుత్వంలో వీటితో పోల్చదగినవి ఏవి?

3. మీ ఇంట్లోగాని, పొలంలోగాని పనిచేసేవారికి ఇచ్చే కూలి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంతో సరిపోతుందా? ఆ లెక్క మీకు తెలుసా?

4. మీ విచారణలో, మీ ఊరి బొందలగడ్డలో 17వ అధికరణానికి విరుద్ధమైన ఆచారం ఏదైనా ఉంటే, దానిని మాన్పడానికి ఈ సంవత్సరం మీరు వేయగల మొదటి అడుగు ఏమిటి?